మా తెర మూలన తెల్లారింది!

సినిమాలో అర్ధరాత్రి. నది, పడవ, పైన నిండు వెన్నెల. సరిగ్గా అప్పుడు తెర కింది మూలన తెల్లవారిపోతే మీకెలా వుంటుంది? నాకైతే గుండె జారిపోయింది. ఎందుకంటారా? ఆ తెర ఏ థియేటర్‌దో కాదు, నాది! పెట్టె విప్పి రెండు రోజులు కూడా నిండని కొత్త ల్యాప్‌టాప్‌ది!

ముందు నా సంగతి చెప్పనివ్వండి. మాది మందమర్రి. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి మంచిర్యాల జిల్లా. జిల్లా పేరు మారినా మా వూరి పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఒక్కటే, బొగ్గు. మా వైపు గనిని గని అనరు, 'బాయి' అంటారు. మా బాపు బాయి పనికి పోవడం మొదలుపెట్టి ముప్పై యేళ్లు దాటింది. తట్టా చెమ్మస్ పట్టుకుని బొగ్గు నింపిన రోజుల నుంచి యంత్రాలొచ్చిన రోజుల దాకా చూశాడు. నేనేమో ఆయన చెమటతో చదువుకుని, ఆ చదువును అటక మీద పెట్టి, సినిమా పిచ్చిని నెత్తికెక్కించుకున్న సుపుత్రుణ్ణి. (ఈ పత్రిక చేతిలో వుందంటే మీరూ నా బాపతే అయివుంటారు లెండి!)

దసరా ముందు సింగరేణి కార్మికులకు లాభాల్లో వాటా అందుతుంది. ఆ వారం మా బజారు కళే వేరు. నిరుడు ఆ డబ్బు చేతికి రాగానే బాపు నన్ను పిలిచాడు.

"నీ సిన్మా పనికి గా కంప్యూటరేదో గావాలంటివి గదా, తెచ్చుకో. నాకింక ఏడాదిన్నరే సర్వీసు. మల్ల మల్ల ఇయ్యలేను కొడుకా" అన్నాడు.

ఆ మాటలో విసుగు లేదు. లెక్క వుంది. ఆ లెక్కే తర్వాత నన్ను నిద్రపోనివ్వలేదు.

అక్షరాలా 62,000 రూపాయలు! ఆన్‌లైన్లో తెప్పించాను. కంపెనీ పేరు మాత్రం అడక్కండి. ఏ కంపెనీ సరుకులోనైనా జరగగలిగేదే నాకూ జరిగింది.

తూమే మా స్టూడియో

ఇంతకీ ల్యాప్‌టాప్ ఎందుకు? అప్పటికే మేం నలుగురు స్నేహితులం కలిసి పన్నెండు నిమిషాల చిన్న సినిమా తీసి వున్నాం. బొగ్గు బాయి కథే. రాత్రి షిఫ్టులో ఒకడి దీపం ఆరిపోతుంది. మిగిలిన ఒక్క దీపంతో ఇద్దరూ పైకి నడిచి వస్తారు. అంతే కథ. మా తరానికి బొగ్గు సినిమా అంటే 2023లో వచ్చిన నాని 'దసరా'. బాపు తరానికి యశ్ చోప్రా 'కాలా పత్థర్', 1979 నాటిది. 1975లో చస్నాలా గనిలోకి నీళ్లు దూకి జరిగిన ఘోరం దానికి ప్రేరణ. ఈ రెండింటి పక్కనా మా సినిమా కూర్చోవాలని మా ఆశ! ఆశకు టిక్కెట్టు లేదు కదండీ!

అసలు గనిలోకి కెమెరా తీసుకుపోనిస్తారా? ససేమిరా! అందుకని రైలు కట్ట కింద తూములో నల్ల గుడ్డలు కట్టి తీశాం. ఆ తూమే మాకు వాహినీ స్టూడియో. ఇక మిగిలింది కూర్పు, రంగుల సవరింపు. ల్యాప్‌టాప్ ఇంటికొచ్చిన రోజుకి, పోటీకి పంపడానికి సరిగ్గా పన్నెండు రోజుల గడువు వుంది.

పన్నెండు నిమిషాల సినిమాలో తొమ్మిది నిమిషాలు చీకటే. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

రెండో రోజు రాత్రి బాపుకి కొత్త తెర చూపిద్దామని 'మాయాబజార్' పెట్టాను. 2010లో రంగులద్ది విడుదల చేసినది కాదు, 1957 నాటి అసలు నలుపు తెలుపుదే. మార్కస్ బార్‌ట్లీ ఛాయాగ్రహణం గురించి మీకు చెప్పేదేముంది! వెన్నెలను తెర మీద ఆరబోయడంలో ఆయన పెట్టింది పేరు. లైట్లార్పి బాపూ నేనూ మంచం మీద కూర్చున్నాం. ఆ కాలపు సినిమా బొమ్మ నిడివి తక్కువ, ల్యాప్‌టాప్ తెర వెడల్పు. అందుకని బొమ్మకి రెండు పక్కలా నల్లటి పట్టీలు మిగులుతాయి. పడవ పాట మొదలైంది. ఎడమ పట్టీ కింది మూలన పసుపు కలిసిన తెల్లటి వెలుగు, అచ్చం తూర్పున సూర్యుడు వచ్చే ముందు వుండే వెలుగులాగా.

నేను చూడనట్టు నటించాను. బాపు ఊరుకుంటాడా?

"సిన్మాల రాత్రి గదరా? మరి గా మూలకు పొద్దు పొడుత్తాందేంది?"

"గది గట్లనే ఉంటది బాపూ. కొత్త మోడల్" అన్నాను.

అబద్ధం! నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో! ఆయన నా వైపు ఒకసారి చూసి, మళ్లీ పడవ వైపు చూశాడు. ఇంకేమీ అనలేదు. అనివుంటే బాగుండేది.

ఆరని దీపం

ఆ రాత్రి కూర్చుని ఈ రోగం పేరు తెలుసుకున్నాను. 'బ్యాక్‌లైట్ బ్లీడ్' అట. వెనక దీపం కారడం అన్నమాట.

మీకు అర్థమయ్యేలా చెబుతాను. ఈ రకం తెరకు సొంత వెలుగు లేదు. దాని వెనక ఒక అంచున చిన్న చిన్న ఎల్‌ఇడి దీపాలు వరసగా వుంటాయి. ఒక పల్చటి పలక ఆ వెలుగును తెరంతా పరుస్తుంది. ముందు వైపు కిటికీలు. నా తెరలాంటి ఫుల్ హెచ్‌డీ తెరకి అడ్డం 1920, నిలువు 1080, అంటే 20,73,600 చుక్కలు! ఒక్కో చుక్కకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు కిటికీలు. ఈ కిటికీల తలుపులే ద్రవ స్ఫటికాలు. అవి తిరిగేదాన్ని బట్టి వెలుగు బయటికొస్తుంది, లేదా ఆగిపోతుంది.

బొమ్మలో నలుపు రావాలంటే తలుపులన్నీ మూసుకోవాలి. కానీ వెనక దీపం మాత్రం ఆరదు! మామూలుగా ఈ రకం తెరల్లో తెలుపు వెయ్యి వంతులైతే, తలుపులు మూసినా ఒక వంతు బయటికి వస్తూనే వుంటుంది. అది తెరంతా సమానంగా వస్తే కన్ను పట్టించుకోదు. చట్రం ఎక్కడైనా అద్దాన్ని ఎక్కువ తక్కువలుగా నొక్కిందనుకోండి, లోపలి పొరలు రవంత అటూ ఇటూ అయి, అక్కడ వెలుగు ఎక్కువ కారుతుంది. మన హాల్లో ఆట నడుస్తుండగా ఎవడో బీడీకని తలుపు తెరిస్తే తెర అంచు పాలిపోతుంది చూడండి, అలా! తేడా ఏమిటంటే నా తెర దగ్గర ఆ తలుపు వేసే గేట్‌కీపర్ లేడు.

ఇక్కడొక తమాషా. ఈ ద్రవ స్ఫటికాల వింత గుణాన్ని ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు రైనిట్జర్ 1888లో గమనించాడు. ఆయన పరీక్షించిన పదార్థం ఒక వేడి దగ్గర మడ్డిగా కరిగి, ఇంకాస్త వేడెక్కాక మళ్లీ తేటపడిందట! ఆ మరుసటేడు 1889లో ఇల్లెందులో సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది. ఏడాది తేడాతో పుట్టిన ఈ రెండూ నూట ముప్పై యేళ్లు దాటాక మా ఇంట్లో మంచం మీద కలుసుకున్నాయన్నమాట!

మూడో రోజు పరీక్ష పెట్టాను. పద్ధతి మీకూ పనికొస్తుంది, వినండి. గది పూర్తిగా చీకటి చేయాలి. తెర నిండా ఉత్త నలుపు బొమ్మ పెట్టాలి. వెలుగు సగానికి తగ్గించాలి. కళ్లు చీకటికి అలవాటయ్యేదాకా కొన్ని నిమిషాలు ఆగి, ఎదురుగా కూర్చుని చూడాలి. తర్వాత తల అటూ ఇటూ కదపాలి. తలతో పాటు ఆ మెరుపు కూడా మారుతూ, వెనక్కి జరిగితే తగ్గిపోతుంటే అది ఆ రకం తెరలకు పుట్టుకతో వుండే నిగనిగ, రోగం కాదు. ఎటు కదిలినా అక్కడే మొండికేసి కూర్చుంటే కారుతున్నట్టే లెక్క. నాది మొండిదే!

ఇంకో హెచ్చరిక. సెల్‌ఫోన్ కెమెరాతో తీస్తే గోరంత కొండంత అవుతుంది. చీకట్లో కెమెరా తనంతట తాను వెలుగు పెంచేసుకుంటుంది. నా మొదటి ఫొటోలో ఆ మూల కార్తీక దీపాల్లా కనిపించింది! కంటికి కనిపించినంతే ఫొటోలో కనిపించేదాకా కెమెరా వెలుగు తగ్గించి తీస్తేనే నిజం.

తలా ఒక సలహా

కంపెనీవాళ్లకి ఫోన్ చేశాను. "కొంచెం వుండటం మామూలే సార్, పరిమితుల్లోనే వుంటుంది" అంది అవతలి గొంతు, నా ఫొటో చూడకుండానే. నాలుగో రోజు మంచిర్యాల పోయి మరమ్మతు దుకాణంలో చూపించాను. "చట్రం మరలు కొంచెం వదులు చేస్తే పోతది తమ్మీ, ఇప్పనా?" అన్నాడాయన. నిజంగానే కొన్నిసార్లు తగ్గుతుందట. కానీ విప్పితే గ్యారంటీ పోవచ్చు. మెత్తటి గుడ్డతో మూలను వత్తమని ఇంకొకరు చెప్పారు. అద్దం పగిలితే? మా స్నేహితుడొకడు తేల్చేశాడు: "నువ్వు జూసేది సిన్మానా, మూలలా? ఇడిసిపెట్టురా!"

విడిచిపెట్టాను. నిజం చెప్పాలంటే నాకు కావలసింది కూడా ఆ మాటే. మార్పిడికి ఏడు రోజుల గడువుంది. వెనక్కి పంపితే కొత్తది ఎప్పుడొస్తుందో! పోటీ గడువు దాటిపోతుంది. అదొకటి. బాపు డబ్బుతో కొన్నది లోపం సరుకని ఆయనకి చెప్పాల్సి వస్తుంది. రెండోది మొదటిదానికంటే బరువు.

కూర్చుని రంగులు సవరించడం మొదలుపెట్టాను. తెర కింది భాగం ఎప్పుడు చూసినా బూడిద రంగులో కనిపిస్తుంది. చీకటి చాల్లేదనిపించి తగ్గించాను. ఇంకా తగ్గించాను. ఐదో రోజు సాయంత్రం స్నేహితుడి ఇంట్లో పెద్ద టీవీలో వేసి చూశాం. మా హీరో నడుము లేదు! చేతులు లేవు! నల్లటి మడుగులో ఒక హెల్మెట్టు తేలుతూ పోతోంది. తూములో మూడు రాత్రులు దోమలు కుట్టించుకుని తీసిన నడక మొత్తం మాయం. తప్పు కెమెరాది కాదు. లేని వెలుగును వున్నదనుకుని, దాన్ని చంపబోయి, వున్న మనిషిని చంపేశాను!

దీపాల గది కిటికీ

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కెలుకుతున్నాను. "ఏమైందిరా, కూర మంచిగ లేదా?" అంది అవ్వ. నేను మాట్లాడలేదు. బాపే అందుకున్నాడు.

"కూర మంచిగనే ఉన్నది. ఆని దీపమే మంచిగ లేదు."

నేను తలెత్తాను.

"ముప్పై ఏండ్ల సంది చీకట్ల పని జేసేటోణ్ణి. ఏది నలుపో నాకు తెల్వదార? బాయిల దీపం బంద్ జేత్తే, నీ చెయ్యి నీ కండ్ల ముందట పెట్టుకున్నా కనవడది. గది నలుపంటే. నీ డబ్బల ఉన్నది నలుపు గాదు. మొన్ననే అనుకున్న. నువ్వే చెప్తవని సూసిన."

నేను మొత్తం చెప్పేశాను. డబ్బు సంగతి, గడువు సంగతి, అబద్ధం సంగతి. చెప్పాక ఆయన తిట్టలేదు. దీపాల గది కథ చెప్పాడు.

బాయి దిగే ప్రతివాడూ ముందు ల్యాంప్ రూమ్ కిటికీ దగ్గర నిలబడి దీపం తీసుకుంటాడు. ఇప్పుడంటే తేలికపాటి ఎల్‌ఇడి దీపాలు. ఆ రోజుల్లో నడుముకి బరువైన బ్యాటరీ పెట్టె, అక్కడి నుంచి హెల్మెట్టు దాకా వైరు. పెట్టెలోంచి యాసిడ్ కారితే లుంగీలూ ప్యాంట్లూ చిల్లులు పడేవి. బాపు కొత్తగా చేరిన రోజుల్లో ఒకసారి దీపం మిణుకుమిణుకుమంటోందట. వెనక వరుసలో సీనియర్లు. కిటికీ దగ్గర ఆగి మార్చమని అడగడానికి మొహమాటం. అలాగే దిగాడు. సగం షిఫ్టులో ఆరిపోయింది. తోటి కార్మికుడి దీపం వెంట పైకి నడిచి వచ్చాడు.

(పాఠకులూ, మా సినిమా కథ ఎక్కడిదో ఇప్పుడర్థమైందా? చిన్నప్పుడు విన్నది. కిటికీ దగ్గరి మొహమాటం ముక్క మాత్రం ఆ రాత్రే మొదటిసారి విన్నాను.)

"పైకొచ్చినంక ముసలి సర్దార్ ఒకాయన నన్ను జూసి ఏమన్నడో ఎరికేనా? దీపం ఖరాబైతే తప్పు దీపానిది. తెలిసి దిగితే తప్పు నీది అన్నడు. కిటికీ కాడ అడుగుడుకు సిగ్గేందిరా? లోపలికి వోయినంక ఎవలనడుగుతవ్?"

"మరి పోటీ బాపూ?"

"చీకటి సిన్మాకు చెడ్డ దీపంతోని దిగుతవా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర వుందా?

ఆరో రోజు పొద్దున్నే మార్పిడికి రాశాను. ఈసారి సరైన ఫొటోతో, తల కదిపి చూసిన సంగతితో, ఎంత వెలుగులో చూశానో కూడా రాసి. మరునాడు వాళ్ల మనిషి వచ్చాడు. పట్టపగలు! వెలుతుర్లో ఏం కనిపిస్తుంది? "బాగానే వుంది కదా" అన్నాడు. అప్పుడు లేచాడండీ మా బాపు! కిటికీకి దుప్పటి కట్టాడు, తలుపు కింది సందులో తువ్వాలు కుక్కాడు, ఇన్వర్టర్ ఎర్ర దీపం మీద బొట్టుబిళ్ల అంటించాడు. "చీకటి జేసుడు నాకు జెప్పకుండ్రి సారూ" అన్నాడు. ఐదు నిమిషాలు ముగ్గురం ఆ నలుపు ముందు కూర్చున్నాం, సినిమా మొదలవబోతున్నట్టు. ఆ మనిషి ఇంకేమీ వాదించకుండా మార్పిడికి రాసుకుపోయాడు.

కొత్తది పదకొండు రోజులకి వచ్చింది. పోటీ గడువు అంతకుముందే వెళ్లిపోయింది. బాధ లేదంటే రెండో అబద్ధమవుతుంది.

రెండో తెర మచ్చలేని ముత్యమా? కాదు! కింది అంచున నలుసంత వెలుగు దానికీ వుంది. తల కదిపితే మారే నిగనిగా వుంది. కానీ మొండి సూర్యుడు లేడు. దాన్ని వుంచుకున్నాను. అసలు మచ్చే వద్దనుకుంటే ఓఎల్‌ఇడి తెర కొనుక్కోవాలి. అందులో ఏ చుక్క వెలుగు ఆ చుక్కదే, నలుపంటే దీపం ఆరిపోవడమే. కాకపోతే దాని ధర ఎక్కువ, ఒకే బొమ్మ గంటల తరబడి వుంచితే దాని నీడ తెర మీద మిగిలిపోవచ్చు. నేనేం చేస్తున్నానంటే, రాత్రిపూట ల్యాప్‌టాప్ వెనక గోడ మీద పడేలా చిన్న దీపం పెట్టుకుంటున్నాను. చుట్టూ కాస్త వెలుగుంటే కంటికి తెర నలుపు ఇంకా నల్లగా తోస్తుంది. వెలుగు తగ్గిస్తే కారేదీ తగ్గుతుంది.

ఇంకో మాట. బాపు హెల్మెట్టు మీది ఎల్‌ఇడి, నా తెర వెనక ఎల్‌ఇడి ఒకే తల్లి పిల్లలు. నీలి ఎల్‌ఇడి కనిపెట్టిన ముగ్గురికి 2014లో నోబెల్ ఇచ్చారు. ఆ నీలి వెలుగు లేకపోతే ఈ తెల్లని దీపాలే లేవు. ఇది చెబితే బాపు నవ్వి "అయితే నీదీ బాయి పనే" అన్నాడు.

సినిమా మళ్లీ మొదటి నుంచి సవరించాను. ఓ ఆదివారం అద్దె ప్రొజెక్టర్ తెచ్చి, క్వార్టర్ వెనక గోడకి తెల్ల దుప్పటి కట్టి, బాపు షిఫ్టువాళ్లని పిలిచి వేశాం. అప్పుడు నాకొకటి తట్టింది. హాల్లో తెర కూడా తెల్లదే కదండీ! దాని మీద నలుపు ఎవరూ వేయరు. వెలుగు పడని చోటునే మన కన్ను నలుపు అనుకుంటుంది. పక్కన ఒక దీపం నిజాయితీగా వెలిగితే చాలు.

ఈసారి హీరోకి నడుముంది, చేతులున్నాయి, నడకుంది. పన్నెండు నిమిషాలూ ఎవరూ దగ్గలేదు. అయిపోయాక అందరూ బాపు వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"దీపం మంచిగున్నది. చీకటి మంచిగున్నది. కనీ ఆ పోరడు నడుముకు బ్యాటరీ పెట్టె బరువే లేనట్టు నడుత్తాండు గదరా!"

నిజమే! పెట్టెలో మేం బ్యాటరీ పెట్టలేదు, పాత కాగితాలు కుక్కాం!

వచ్చే పోటీకి ఆ నడక మళ్లీ తీస్తున్నాం. ఈసారి పెట్టెలో ఇటుక పెట్టాం. మీరు మాత్రం కొత్త తెర కొన్న రాత్రే లైట్లార్పి ఒకసారి నలుపు చూసుకోండి. కిటికీ ఏడు రోజులే తెరిచి వుంటుంది!